దేవతలకు ఏమీ కాదా?

"గ్రీకు దేవుళ్లకు మనుషులతో ప్రేమ ఒక కాలక్షేపం. బలయ్యేది మనిషే, వాళ్లకేమీ కాదు. అమరత్వం ఇవ్వగలిగి కూడా ఇవ్వరు. కాదనే వీలు మనిషికి ఉండదు." ఈ మాట చాలామంది షేర్ చేస్తుంటారు. దేవుళ్ల రాజు జ్యూస్ నిజరూపం చూసి కాలిపోయిన అతని ప్రియురాలు సెమెలీ, అపోలో దేవుణ్ణి కాదన్నందుకు శాపం మోసిన కసాండ్రా గుర్తొస్తే నిజమేననిపిస్తుంది. కానీ ఆ రెండు కథల్లోనూ ప్రేమించింది మగదేవుళ్లు. ప్రేమించింది ఆడదేవత అయితే లెక్క మారిపోతుంది.

వాళ్లకేమీ కాదా? దీనికి హోమర్ కావ్యం ఒడిస్సీ ఐదో భాగంలో, వీరుడు ఒడిస్సియస్‌ను తన దీవిలో ఉంచుకున్న దేవత కాలిప్సోయే జవాబు చెబుతుంది. అతన్ని పంపించెయ్యమని జ్యూస్ ఆజ్ఞ తెచ్చిన దేవదూత హెర్మీస్ మీద ఆమె మండిపడుతుంది. ఆడదేవతలు మనుషులతో బాహాటంగా కాపురం చేస్తే మీరు ఓర్వలేరంటుంది, ఉదాహరణలూ చెబుతుంది. ఉషోదేవి ఈయోస్ వేటగాడు ఓరియన్‌ను ప్రేమిస్తే వేటదేవత ఆర్టెమిస్ అతన్ని బాణాలతో చంపేసింది. పంటల దేవత డెమీటర్ మూడుసార్లు దున్నిన పొలంలో ఇయాసియన్ అనే మనిషితో కలిస్తే జ్యూస్ అతని మీద పిడుగు వేశాడు. జ్యూస్ సొంత ప్రేమల మీద మాత్రం ఏ పిడుగూ పడదు!

సముద్రదేవత థెటిస్‌దైతే ప్రేమ కూడా కాదు. ఆమెకు పుట్టే కొడుకు తండ్రిని మించిపోతాడన్న జోస్యం ఉంది. దాంతో దేవుళ్లు భయపడి ఆమెను మనిషైన పీలియస్‌కు కట్టబెట్టారు. హోమర్ మరో కావ్యం ఇలియడ్ పద్దెనిమిదో భాగంలో ఆమె గోడు అదే: ఇష్టం లేకుండా పెళ్లి చేశారు, మొగుడేమో ముసలితనంతో ఇంట్లో పడి ఉన్నాడు, కొడుకు అకిలీస్ తిరిగి ఇంటికి రాడు. చావులేని తల్లికి ఆ దుఃఖం ఎన్నాళ్లుంటుందో ఊహించుకోండి.

ఇక అమరత్వం. అది ఎవరి చేతిలో పడితే వాళ్ల చేతిలో ఉండదు. ఈయోస్ తాను ప్రేమించిన మనిషి టిథోనస్ కోసం జ్యూస్‌ను అడుక్కోవాల్సి వచ్చింది. చావు వద్దని అడిగింది గానీ యవ్వనం అడగడం మరిచిపోయింది. చివరికి కాలూ చెయ్యీ కదపలేని అతన్ని గదిలో పెట్టి తలుపులు మూసింది, లోపల గొంతు మాత్రం ఆగలేదు. (అతను కీచురాయి అయ్యాడన్నది తర్వాత చేరిన ముక్క.) అసలు ఇవ్వరన్నదీ తప్పే. డయోనిసస్ దేవుడి భార్య, మనిషైన అరియాడ్నీకి జ్యూస్ చావూ ముసలితనమూ రెండూ లేకుండా చేశాడని ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ రాశాడు.

కాదనలేరా? ఏడేళ్లు తన దగ్గరున్న ఒడిస్సియస్‌కు కాలిప్సో అమరత్వం ఇస్తానంది. నా భార్య పెనెలోపీ నీ అంత అందగత్తె కాదు, అయినా నాకు ఇల్లే కావాలన్నాడతను.

మార్పెస్సా ఇంకా తెలివైంది. ఆమె కోసం అపోలో, ఇడాస్ అనే మనిషి కొట్టుకుంటుంటే, ఎవరు కావాలో నువ్వే తేల్చుకోమన్నాడు జ్యూస్. ముసలిదాన్నయ్యాక అపోలో వదిలేస్తాడని భయపడి ఆమె ఇడాస్‌నే కోరుకుంది. టిథోనస్‌కు తొలి నెరిసిన వెంట్రుకలు కనబడగానే ఈయోస్ అతని పడకకు దూరమైంది మరి.