కాగితానికి ఈసీ తీస్తరు, మట్టికి ఎవరు తీస్తరు?

రోడ్డు పక్కన జాగ కొనాలంటే మనోళ్లు ఎంత జాగ్రత్తగా ఉంటరో తెలిసిందే. బయానా ఇయ్యకముందే ముప్పై ఏండ్ల ఈసీ, అంటే ఆ జాగ మీద నడిచిన అమ్మకాలు, అప్పుల రికార్డు తీస్తరు, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపిస్తరు, నాలా అయిందా, అంటే వ్యవసాయ భూమిని వేరే పనులకు మార్పించిన్రా లేదా అడుగుతరు, కొందరైతే పాత భూమి రికార్డు ఖాస్రా పహాణీ దాకా పోతరు. మంచిదే. కానీ ఆ జాగల ఇంతకుముందు ఏం పని నడిచింది, గుంతలల్ల ఏం పారబోసిన్రు అని అడిగేటోళ్లు మాకైతే కనపడతలేరు.

ఈమధ్య విజయవాడ హైవే పక్కన అమ్మకానికి ఉన్న ఒక పాత షెడ్డు చూసినం. కొత్తగా ఎర్ర మొరం పోసి మంచిగ లెవల్ చేసిన్రు, ఫంక్షన్ హాల్‌కు బాగుంటదని చెప్తున్రు. ప్రహరీ మూలకు మాత్రం వానకు మొరం కొట్టుకపోయి కింద నల్లమట్టి తేలింది, అందులో బ్యాటరీ డబ్బాల ముక్కలు. పక్కన చాయ్ హోటల్ పెద్దమనిషిని అడిగితే "ఆడ బ్యాటరీలు పగలగొట్టేటోళ్లు బిడ్డా, యాసిడ్ ఆ గుంతలనే పోసేటోళ్లు" అన్నడు. బ్యాటరీల సీసం ఎండకు పోయేది కాదు, వానకు కరిగిపోయేది కాదు, ఏండ్లకేండ్లు పైమట్టిలనే ఉంటది, దుమ్ములో కలిసి పిల్లల ఒంట్లకు పోతే తెలివితేటల మీదనే దెబ్బ కొడతది. రేపు ఆ హాల్ ముందట ఆడుకునేది పిల్లలే గదా.

మన దగ్గర ఇంకో చిక్కు ఉన్నది. నల్లగొండల నీళ్ల టెస్టు అంటే ఫ్లోరైడ్ టెస్టే. ఫ్లోరైడ్ మన గ్రానైట్ రాయిలకెల్లి వచ్చేది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా చూస్తరు, దాటకపోతే బోరు మంచిదే అనుకుంటరు. మందుల ఫ్యాక్టరీలల్ల వాడే సాల్వెంట్ రసాయనాలు, పెట్రోల్ ట్యాంకులకెల్లి కారిన బెంజీన్, సీసం ఇవేవీ ఆ టెస్టుల పడవు, నీళ్లల్ల కరిగిన ఉప్పులెన్నో చూపే చేతి టీడీఎస్ మీటర్లనూ పడవు. పైగా మనది పగుళ్ల రాయి, ఒక కాడ పోసింది ఆ పగుళ్లు పట్టుకొని ఎవరి బోర్ల తేలుతదో చెప్పలేం. చౌటుప్పల్, పోచంపల్లి దిక్కు ఊర్లల్ల, జడ్చర్ల పోలేపల్లి చుట్టుపక్కల జనం ఎన్ని ఏండ్ల సంది నీళ్ల గురించి మొత్తుకుంటున్రో మనం చూస్తనే ఉన్నం.

అమెరికాల 1980ల ఒక చట్టం తెచ్చిన్రు, కలుషితం చేసింది వేరేవాళ్లయినా ఇప్పటి ఓనర్ మీదకు కూడా శుద్ధి ఖర్చు వచ్చే పరిస్థితి అయింది. దాంతో ఆడ కమర్షియల్ జాగ కొనే ముందు తనిఖీ చేయించుడు మామూలైంది. మొదటి దశల తవ్వరు, పాత రికార్డులు, పాత ఫొటోలు చూస్తరు, జాగ అంతా తిరుగుతరు, ఎరుకున్నోళ్లను అడుగుతరు. అనుమానం వస్తెనే రెండో దశల బోరు వేసి మట్టి, నీళ్లు తీసి ల్యాబ్‌కు పంపుతరు. ఇందులో మొదటి దశ మనమూ చేసుకోవచ్చు, గూగుల్ ఎర్త్‌ల పాత ఏండ్ల ఫొటోలు దొరుకుతయి, కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ)ల ఆ జాగ మీద ఏ పర్మిషన్ ఉండెనో ఆర్టీఐ పెట్టి అడగొచ్చు, ఊరి పెద్దమనిషికి ఒక చాయ్ పోస్తే సగం చరిత్ర ఆయనే చెప్తడు.

ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 55 ప్రకారం కొనేటాయన మామూలుగా చూస్తే దొరకని లోపం అమ్మేటాయనకు తెలిసి ఉంటే చెప్పాల్సిందే. మొరం కింద కప్పిపెట్టిన యాసిడ్ గుంత అట్లాంటి లోపమేనని మా అభిప్రాయం. కానీ ఒక్కొక్కరు కోర్టుకు పోయి తేల్చుకోవాలంటే ఎట్లయితది? కేంద్రం 2025 జులైల కలుషిత స్థలాల రూల్స్ తెచ్చింది, అనుమానం ఉన్న స్థలాల గురించి జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి రిపోర్టు ఇయ్యాలె, కాలుష్య మండలి వాటిని పరీక్షించాలె. ఆ రిపోర్టులు ఫైళ్లల్ల ఉంటే జాగ కొనేటోళ్లకు ఏం లాభం? పాత ఫ్యాక్టరీ, పెట్రోల్ బంకు, బ్యాటరీ షెడ్డు ఉన్న సర్వే నంబర్లకు మట్టి టెస్టు లేనిదే మున్సిపాలిటీ బిల్డింగ్ పర్మిషన్ ఇయ్యొద్దు, బ్యాంకు లోన్ ఇయ్యొద్దు. నల్లగొండ, యాదాద్రి, మహబూబ్‌నగర్ కలెక్టర్లు ఆ సర్వే నంబర్లన్నీ తెలుగుల రాయించి, ప్రతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద అతికించాలె, చౌటుప్పల్, జడ్చర్లతోనే మొదలుపెట్టాలె.