పది ఎపిసోడ్లు, మా దెబ్బతిన్న మనోభావాలు

జోకు చెప్పడం పని కాదు. తాతల నాటి నుంచి మన ఇళ్లలో నడుస్తున్న ఒప్పందం ఇది. పెళ్లి పంక్తిలో నలుగుర్నీ నవ్వించే మేనమామ విస్తట్లో ఇంకో పూర్ణం ఎక్కువ పడుతుందేమో గానీ, ఆయన ఏదో పని చేస్తున్నాడని ఎవరూ అనుకోరు. 2021 మే నెలలో హెచ్‌బీఓ మ్యాక్స్‌లో మొదలైన అమెరికన్ కామెడీ సిరీస్ ‘హ్యాక్స్’ తొలి సీజన్ ఈ ఒప్పందాన్ని బాహాటంగా ఉల్లంఘించింది. ఉన్నవి పదే ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంటకి అటూ ఇటూ. ఇంత తక్కువ సమయంలో ఇంత నష్టం చేసినందుకు బాధ్యత గల ప్రేక్షకుల తరఫున మా అభ్యంతరం నమోదు చేస్తున్నాం.

కేసు వివరాలు. లాస్ వేగస్‌లో పామెట్టో అనే కాసినో. అందులో ఏళ్ల తరబడి షో వేస్తున్న హాస్యనటి డెబొరా వాన్స్. ఇంకొన్నాళ్లలో రెండున్నర వేలవ ప్రదర్శన. సరిగ్గా అప్పుడే కాసినో పెద్ద మార్టీ వచ్చి శుక్ర, శనివారాలు వదులుకోమంటాడు. కుర్రకారుని రప్పించే పాటల బృందానికి ఆ రోజులు కావాలట. అటు లాస్ ఏంజెలిస్‌లో పాతికేళ్ల రచయిత్రి ఏవా డేనియల్స్. ఒక సెనేటర్ గురించి పెట్టిన ట్వీటు పుణ్యమా అని ఆమెకి పనిచ్చేవాళ్లు లేరు. ఇద్దరికీ మేనేజరు జిమ్మీయే. పెళ్లిళ్ల పేరయ్యలు మనకి కొత్త కాదు గానీ, ఇతను వాళ్లని మించినవాడు. డెబొరాకి జోకులు రాయాలంటూ, అటువైపు ఒప్పుకోక ముందే పిల్లని విమానం ఎక్కించేశాడు.

పెద్దావిడ ఇంట్లోకి చిన్నది అడుగుపెట్టింది. ఇక్కడిదాకా మనకి తెలిసిన వ్యవహారమే, అత్తాకోడళ్ల సీరియల్. మన దగ్గరైతే దీన్ని వెయ్యి ఎపిసోడ్లు లాగగల అనుభవజ్ఞులున్నారు. సీజన్ చివర్లో డెబొరా ఏవాని చెంపదెబ్బ కొడుతుంది. ఒక్కసారే! మూడు కోణాల్లో మళ్లీ మళ్లీ చూపించలేదు, ఉరుము ఉరమలేదు, వంటింట్లో గిన్నె జారి పడలేదు. వనరుల దుబారా అంటే ఇదే.

అసలు అభ్యంతరం వేరే ఉంది. వీళ్లు గొడవపడేది ఆస్తి గురించి కాదు, కొడుకు గురించి కాదు, జోకు చివర ఏముండాలన్న దాని గురించి. వాయిస్ మెయిల్ వచ్చినట్టు పీడకల వచ్చిందని ఏవా ఒక జోకు రాస్తుంది. అంతే, అక్కడితో ఆపేస్తుంది. మిగతాది ఎక్కడని పెద్దావిడ వెతుక్కుంటుంది. చివర్లో పంచ్ పేలాలనడం మగవాళ్లు పెట్టిన పద్ధతని ఏవా వాదన. నవ్వు రాకపోతే అది జోకే కాదని డెబొరా వాదన. ఏవా ఉద్యోగం ఊడగొట్టిన ట్వీటు మీద కూడా డెబొరా ఫిర్యాదు అదే. హద్దు దాటిందని కాదు, సరిగ్గా నవ్వించలేదని. ఒక జోకుని మనోభావాల లెక్కన కాకుండా నాణ్యత లెక్కన తూచడం ఎంత ప్రమాదకరమో వేరే చెప్పాలా? రేపు మనకి కేసులు పెట్టుకోవడానికి ఏం మిగులుతుంది?

ఈ నాణ్యత గొడవ తెలుగులోకి దిగుమతి అయితే కొంపలు మునుగుతాయి. ఒక ఉదాహరణ. ‘అడ్రస్ కూడా తెలియని జిమ్ముకి మా బావ నెలకి రెండు వేలు కడుతున్నాడు.’ ఎవరూ నవ్వరు. కారణం వ్యాకరణం. తెలుగులో విశేషణం ముందొస్తుంది కాబట్టి, ‘తెలియని’ అన్న క్షణానే గుట్టు రట్టయింది. తర్వాత వచ్చే బావ, రెండు వేలు, అన్నీ ఖాళీ బస్సులు. దీన్నే రెండుగా విరవండి. ‘మా బావ జిమ్ముకి నెలకి రెండు వేలు కడుతున్నాడు. నిన్న అడ్రస్ కనుక్కున్నాడు.’ మొదటి వాక్యం వినేవాడి తలలో ఒక కండలవీరుణ్ణి నిలబెడుతుంది, రెండోది పడగొడుతుంది. ‘మొన్నటికి మొన్న’, ‘చివరాఖరికి’ లాంటివి మధ్యలో ఇరికిస్తే పడటం ఆలస్యమవుతుంది. నవ్వు లేచాక అది దిగడం మొదలయ్యే దాకా నోరు మూసుకుని నిలబడాలి. నవ్వు మీద మాట్లాడితే ఈ నవ్వూ పోతుంది, వచ్చే మాటా వినబడదు. ఇలా ఒక్కో మాటా చెక్కుతూ కూర్చుంటే మన స్కిట్లలో చీర కట్టుకున్న మగవాడు ఏమైపోవాలి? పంచ్ పేలని చోట ‘బొయ్యిం’ అనే శబ్దం, జడ్జి పగలబడి నవ్వుతున్న షాటు పెట్టి బతుకుతున్న ఎడిటరు ఎటు పోవాలి? ‘హ్యాక్స్’లో అతికించిన నవ్వులు లేవు. ఎక్కడ నవ్వాలో ప్రేక్షకుడే తేల్చుకోవాలి. పగలంతా ఆఫీసులో నలిగి వచ్చిన మనిషికి ఇంకో బాధ్యతా!

పైగా క్రమశిక్షణ ఒకటి. డెబొరా ఏవాకి అప్పగించే పనుల్లో ముఖ్యమైనది, దశాబ్దాల పాత జోకుల సరుకుని కంప్యూటరుకి ఎక్కించడం. పెట్టెలకి పెట్టెలు. డెబొరా మొగుడు ఆవిడ చెల్లెలితోనే వెళ్లిపోయాడు, ఇల్లు తగలబెట్టింది నువ్వేనని లోకమంది, చేతికందిన టీవీ లేట్ నైట్ షో చెయ్యి జారింది. ఆవిడ ‘నేను కాదు’ అని అరవడం మానేసి, దాని మీదే జోకులు వేసి ఇన్నేళ్లు టికెట్లు అమ్ముకుంది. పరువు పోయిన ఆడమనిషి మూల కూర్చోవాలన్న మన ఆరోగ్యకరమైన సంప్రదాయానికి ఇది గొడ్డలిపెట్టు.

తీరా పామెట్టోలో ఆఖరి షోకి పాత జోకులు పక్కనపెట్టి నిజం చెబితే ఏమైంది? షో పడుకుంది. మేం ముందే చెప్పాం అనబోయాం. కానీ ఆవిడ ఆ పడుకున్న షోనే ఊరూరా తిప్పి బాగుచేస్తానంటూ, తండ్రి పోయి అంత్యక్రియల్లో ఉన్న ఏవా దగ్గరికే వచ్చేస్తుంది. వచ్చిన మనిషి ఊరుకుంటుందా, అక్కడున్న చుట్టాల్ని కూడా నవ్విస్తుంది. ఇలాంటిదానికి ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు! జీన్ స్మార్ట్‌కి ఉత్తమ నటి, మొదటి ఎపిసోడ్‌కి రచనలో ఒకటి, దర్శకత్వంలో ఒకటి.

ఇవన్నీ క్షమించినా ఎనిమిదో ఎపిసోడ్‌ని క్షమించలేం. శాక్రమెంటోలో ఒక చిన్న క్లబ్బు. ఆడవాళ్లు స్టేజీ ఎక్కినప్పుడల్లా వెకిలి మాటలు విసిరే వ్యాఖ్యాత ఒకడు. డెబొరా అతన్ని అందరి ముందూ స్టేజీ మీదికి పిలిచి, జన్మలో మళ్లీ స్టాండప్ చెయ్యనని మాటిస్తే 16 లక్షల 90 వేల డాలర్లు ఇస్తానంటుంది. అప్పటి మారకంలో 12 కోట్ల రూపాయల పైమాటే. అతను ఒప్పుకున్నాడు కూడా.

దీని పర్యవసానం ఆలోచించారా? మన దగ్గర వెకిలి జోకు వేస్తే డబ్బులిస్తారు, అందుకే ఆ రంగంలో కొద్దిమందే ఉన్నారు. ఆపేస్తే 12 కోట్లని తెలిస్తే, తెల్లారేసరికి ప్రతి కాలనీలోనూ మగవాళ్లంతా కమెడియన్లుగా పేర్లు నమోదు చేయించుకుంటారు. ఇక మీసేవ ముందు క్యూ ఎక్కడిదాకా ఉంటుందో, అందులో ఎంతమంది మేనమామలు ఆధార్ జిరాక్సులు పట్టుకుని నిలబడి ఉంటారో.