పసుపు కాగితాన్ని తిట్టింది చాలు, ముందు రాగి తోమండి

బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్న మన తెలుగువాళ్ల గ్రూపు ఏది తెరిచినా ఒకటే ఫోటో. ఇంట్లోనే సర్క్యూట్ బోర్డు (పీసీబీ) చేసుకోబోయినవాళ్ల నలిగిన పసుపు కాగితం, పక్కన రాగి రేకు అతికించిన కాపర్ క్లాడ్ బోర్డు. కరెంటు పారాల్సిన గీతలు, అంటే ట్రాకులు, సగం రాగి మీద, సగం కాగితం మీదే. కింద ఒకటే గోడు: "ఎస్‌పీ రోడ్డులో కొన్న టోనర్ ట్రాన్స్‌ఫర్ పేపర్ డూప్లికేట్ అన్నా, డబ్బు దండగ." ఇక సలహాలు మొదలు. వేరే కంపెనీ కాగితం కొను, వారపత్రిక అట్ట వాడు, ఇదంతా ఎందుకు, బోర్డు చైనాకి ఆర్డర్ పెట్టు. "రాగి దేనితో తోమావు తమ్ముడూ?" అని అడిగేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఈ కాగితం కోసమే పుట్టినట్టుంది.

టోనర్ సిరా కాదు, ప్లాస్టిక్ పొడి. లేజర్ ప్రింటర్లో ఫ్యూజర్ అనే వేడి రోలరు దాన్ని కరిగించి కాగితానికి అతికిస్తుంది. మనం దాన్ని ఇస్త్రీపెట్టెతో మళ్లీ కరిగించి కాగితం మీంచి రాగి మీదికి దించుతాం. తర్వాత బోర్డును రాగిని కరిగించే ఫెరిక్ క్లోరైడ్‌లో ముంచుతాం. రాగి మీద ఉన్న ఆ ప్లాస్టిక్ పొర కిందికి అది చేరదు కాబట్టి అక్కడ ట్రాకు మిగులుతుంది. ఇందులో కాగితం చేయాల్సిన పని పట్టుకోవడం కాదు, వదలడం. పసుపు కాగితం మీది నున్నటి పూత ఉన్నది అందుకే. పట్టుకోవాల్సింది రాగి. అది పట్టుకోకపోతే కాగితం ఏం చేస్తుంది పాపం? ఇంక్‌జెట్ ప్రింటు ఎందుకు పనికిరాదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. అది నీళ్లలో కలిపిన రంగు, కరగడానికి అందులో ప్లాస్టిక్కే లేదు.

రాగి తోమడం అనగానే మనవాళ్లకు చింతపండు గుర్తొస్తుంది. చింతపండుతో తోమితే బోర్డు పూజగదిలో చెంబులా మెరుస్తుంది, నిజమే. కానీ మెరవడం వేరు, టోనర్ పట్టడం వేరు. పులుపు ఆక్సైడ్ పొరను తీస్తుంది గానీ వేలిముద్రల జిడ్డును తీయదు, పైగా తన జిగురు కొంత వదిలిపోతుంది. చేయాల్సింది ఇది. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్కాచ్‌బ్రైట్ ముక్క కొత్తది తీసుకోండి. వంటింట్లో నూనె గిన్నెలు తోమినది వద్దు. గిన్నెల సబ్బు వేసి ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, ఒకసారి గుండ్రంగా తోమండి. బాగా నల్లబడ్డ పాత బోర్డయితే ముందు 600 నంబరు ఎమరీ కాగితం తడిపి రుద్దండి. రాగి అద్దంలా కాకుండా సన్నటి గీతలతో మసకగా, గులాబీ రంగులో కనిపించాలి. ఆ గీతల్లోనే టోనర్ వేళ్లూనుకుంటుంది.

తర్వాత పరీక్ష. కుళాయి కింద బోర్డును ఏటవాలుగా పట్టుకుని నీళ్లు పోయండి. నీళ్లు ఒకే పలుచటి పొరలా మొత్తం పరుచుకుని నిలిస్తే శుభ్రం. ఎక్కడైనా నీరు వెనక్కి ముడుచుకుని, తామరాకు మీదిలా చుక్కలు కడితే అక్కడ జిడ్డుంది, మళ్లీ తోమండి. అర నిమిషం పట్టే ఈ పరీక్ష చాలా వీడియోల్లో చూపించరు. ఇస్త్రీపెట్టె పొగలు కక్కడం మాత్రం మూడు కోణాల్లో చూపిస్తారు.

మన ఊరికి సంబంధించిన తిరకాసు ఇంకొకటి. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు వాడే అపార్టుమెంట్లలో ఆ నీటిని బోర్డు మీదే ఆరనిస్తే సున్నపు మరక తేలుతుంది, టోనర్ దాని మీద కూర్చుని దానితోపాటే ఊడిపోతుంది. చివరి కడుగు ఆర్‌వో నీళ్లతోనో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తోనో చేసి, పోగులు రాలని గుడ్డతో వెంటనే తుడవండి. పైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక తుడుపు. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకండి, చాలావాటిలో గోళ్లు ఎండకుండా నూనె కలుపుతారు. అక్కణ్నుంచి బోర్డును అంచులతోనే పట్టుకోవాలి.

అంచులంటే గుర్తొచ్చింది. హాక్సా బ్లేడుతో కోసిన బోర్డు అంచున రాగి చిన్న గట్టులా లేస్తుంది. కంటికి ఆనదు, గోరుతో గీరితే తగులుతుంది. ఆ గట్టు మీద ఇస్త్రీపెట్టె ఆనితే దాని పక్కన రెండు మూడు మిల్లీమీటర్ల మేర కాగితం రాగిని తాకదు. "అంచుల దగ్గరే ట్రాన్స్‌ఫర్ కావట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఆకురాయితో నాలుగు రుద్దులు.

ఇప్పుడు దుకాణం సంగతి. ట్రాన్స్‌ఫర్ పేపర్ అని మాత్రమే అడిగితే మీ చేతికి మూడు రకాలు రావచ్చు. టీషర్టుల మీద బొమ్మ వేసేది, మగ్గుల మీద వేసే సబ్లిమేషన్ కాగితం, ఇంక్‌జెట్ ఫోటో పేపర్. మూడూ పనికిరావు. మూడోది ప్రమాదం కూడా. చాలా ఫోటో పేపర్లకు ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేజర్ ప్రింటర్ వేడికి అది కరిగి ఫ్యూజర్ రోలరుకు చుట్టుకుంటుంది. ప్రింటర్ మీదైతే మీ ఖర్మ, జిరాక్స్ షాపువాడిదైతే ఆ వీధిలో మీకు మళ్లీ ప్రింటు పుట్టదు. "పీసీబీకి, లేజర్ ప్రింటర్‌కి, పసుపు రంగుది" అని విడమర్చి అడగండి. ఇంటికి తెచ్చాక జిప్ కవర్లో పెట్టండి, వానాకాలం తేమకు వంకర తిరిగిన కాగితం ప్రింటర్లో ఇరుక్కుంటుంది.

పత్రిక అట్ట వాడేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఒక రిలే, రెండు ట్రాన్సిస్టర్లు, 1 మి.మీ. ట్రాకులు, అంతవరకు అది చాలు. కానీ ఆ నున్నటి కాగితం మీది మెరుపు బంకమన్ను పూత. అరగంట నీళ్లలో నానబెట్టి, బొటనవేలితో రుద్ది, టూత్‌బ్రష్‌తో తోమినా పోగులు ట్రాకుల మధ్య ఉండిపోతాయి. టోనర్ మీద తెల్లగా మిగిలితే ఫర్వాలేదు. 0.3 మి.మీ. సందులో మిగిలిందా, అక్కడ రాగి కరగదు, రెండు ట్రాకులూ కలిసిపోయి షార్టు. కాగితం మీద మిగుల్చుకున్న పది రూపాయలకు మల్టీమీటర్ పట్టుకుని రెండు గంటలు షార్టు వెతుక్కోవాలి. పసుపు కాగితానికి డబ్బు పెట్టేది ఈ రెండు గంటల కోసం.

ప్రింటు దగ్గర జరిగే తప్పులు రెండే, రెండూ బోర్డును చెత్తబుట్టకే పంపుతాయి. ఒకటి బొమ్మను అద్దంలోలా తిప్పే మిర్రర్ దగ్గర. బోర్డు డిజైన్ గీసే కీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో కింది రాగి పొరను మిర్రర్ పెట్టకుండా, పై రాగి పొరను మిర్రర్ పెట్టి ప్రింటు తీయాలి. గందరగోళంగా ఉంటే ఆ రాగి పొర మీద ఏదో ఒక అక్షరం పెట్టుకోండి: కాగితం మీద అక్షరం తిరగబడి ఉండాలి, రాగి మీదికి దిగాక సరిగ్గా చదవడానికి రావాలి.

రెండోది "ఫిట్ టు పేజ్". జిరాక్స్ షాపులో పీడీఎఫ్ తెరవగానే అదే టిక్ అయి ఉంటుంది, "యాక్చువల్ సైజ్" అని మీరే నిలబడి మార్పించాలి. 97 శాతానికి కుంచించుకుపోతే ఏమవుతుందో లెక్క చూడండి. 8 కాళ్ల ఐసీలో (చిప్పులో) ఒక వరసకు మూడు సందులు, మొత్తం 7.62 మి.మీ. తేడా పావు మిల్లీమీటరు కూడా రాదు, కాళ్లు కాస్త వంచితే దూరిపోతాయి, మీకు అనుమానమే రాదు. అదే బోర్డులో 40 కాళ్ల ఐసీ ఉంటే వరసకు 19 సందులు, 48.26 మి.మీ. తేడా దాదాపు 1.45 మి.మీ. చివరి కాలు తన రంధ్రం దాటి బయట పడుతుంది. అందుకే ముందు మామూలు కాగితం మీద ప్రింటు తీసి, అసలు ఐసీని దాని మీద పెట్టి చూడండి. ఆ ప్రింటు మీదే, బొమ్మ పడిన చోట, పసుపు కాగితం ముక్కను కొంచెం పెద్దదిగా కత్తిరించి అతికించి, మళ్లీ ప్రింటర్లోకి పంపండి. ముందు లోపలికి వెళ్లే అంచుకు కాగితపు స్టిక్కర్ లేబుల్ వేయండి. సెల్లో టేపు వద్దు, కరుగుతుంది. ఇలా చేస్తే ఒక షీటు ఆరేడు చిన్న బోర్డులకు వస్తుంది. టోనర్ సేవ్ ఆఫ్, నలుపు గరిష్ఠం. ప్రింటయిన వైపు వేలు తగలకూడదు.

వేడి గురించి ఎవరి వేదం వాళ్లది. ఇస్త్రీపెట్టె అయితే ఆవిరి లేని పాత బరువుపెట్టె మంచిది, ఆవిరి రంధ్రాలున్న చోట ఒత్తిడి పడదు. కాటన్ గుర్తు దగ్గర పెట్టి, ముందు ఖాళీ బోర్డును ఓ నిమిషం వేడెక్కించండి. రాగి వేడిని లాగేసుకుంటుంది. చల్లటి రాగి మీద కాగితం పెట్టి అదిమితే పైనున్న కాగితం కాలుతుంది గానీ రాగిని ఆనుకున్న టోనర్ కరగదు. వేడెక్కిన బోర్డు మీద కాగితాన్ని జరగకుండా దించి, పైన మామూలు తెల్ల కాగితం వేసి, మొదటి అర నిమిషం పెట్టెను కదపకుండా అదమండి. తర్వాత ముక్కుతో అంచులు, మూలలు. 10 × 7 సెం.మీ. బోర్డుకు మూడు నాలుగు నిమిషాలు. ట్రాకులు ఉబ్బి పక్కదాన్ని అంటుకుంటే వేడో ఒత్తిడో ఎక్కువైంది. ముక్కలుగా ఊడొస్తే తక్కువైంది, లేదా మళ్లీ పై పేరాలకు వెళ్లి రాగి తోమండి. ఐడీ కార్డుల లామినేటర్ ఇంతకన్నా మెరుగు, ఒత్తిడి అంతటా సమానం. కాకపోతే చాలావాటిలో 1.6 మి.మీ. బోర్డు దూరదు. 0.8 మి.మీ. మందం గ్లాస్ ఎపాక్సీ బోర్డు కొనుక్కుని ఎనిమిది పది సార్లు తిప్పండి.

ఇక్కడ ఆత్రం పనికిరాదు. వేడి మీద కాగితం లాగితే టోనర్ మెత్తగా ఉండి రెండు వైపులా సాగుతుంది. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక ఒక మూల మాత్రం ఎత్తి చూడండి. అక్కడ టోనర్ ఇంకా కాగితం మీదే ఉంటే, మిగతాది కదలదు కాబట్టి ఆ మూలను మళ్లీ దించి ఇంకో నిమిషం అదమొచ్చు. మొత్తం పీకేశాక తిరిగి అదే చోట పెట్టడం ఎవరి తరమూ కాదు. చిన్న చిల్లులు పర్మనెంట్ మార్కర్‌తో పూడ్చండి. పెద్ద నల్లటి గ్రౌండ్ ప్రదేశాల మధ్యలో టోనర్ పలచగా పడి చిల్లులెక్కువ వస్తాయి, అక్కడ గళ్ల నింపుడు పెట్టుకుంటే గొడవ ఉండదు.

ఫెరిక్ క్లోరైడ్ ఎంత కావాలని అడిగితే "ఒక ప్యాకెట్" అంటారు. లెక్క కష్టం కాదు. 35 మైక్రాన్ల రాగి, 10 × 10 సెం.మీ. ఒకవైపు బోర్డు మీద సుమారు 3.1 గ్రాములు. ఒక్కో రాగి పరమాణువుకు రెండు ఫెరిక్ క్లోరైడ్ అణువులు ఖర్చు. దుకాణంలో దొరికే పసుపు గడ్డల రూపంలో అది దాదాపు 27 గ్రాములు. చివరికొచ్చేసరికి ద్రావణం నీరసిస్తుంది కాబట్టి 50 గ్రాములు వేసుకోండి. నీళ్లలో గడ్డలు వేయాలి, గడ్డల మీద నీళ్లు పోయకూడదు. కలిసేటప్పుడు వేడెక్కి ఘాటైన ఆవిరి వస్తుంది, బాల్కనీలో చేయండి, చేతికి గ్లోవ్స్, కంటికి అద్దాలు. ప్లాస్టిక్ ట్రే మాత్రమే. స్టీలు, అల్యూమినియం గిన్నెలను అది తినేస్తుంది, పీజీలో వాష్‌బేసిన్ మీద పడ్డ మరక మీ అడ్వాన్సును తింటుంది. ట్రేను వేడినీళ్ల టబ్బులో పెట్టి 40-50 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంటే పావుగంటలో అయిపోతుంది. చల్లటి పాత ద్రావణంలో పడేసి నిద్రపోతే టోనర్ కింద పక్కల నుంచి రాగి తినుకుపోయి సన్న ట్రాకులు తెగుతాయి. ఆ తెగుడుకు కూడా కాగితాన్నే తిడతారు.

వాడేసిన ద్రావణాన్ని కాలువలో పోసేవాళ్లకు ఒక్క మాట. అందులో ఇప్పుడు రాగి ఉంది, అది నీటిలో బతికేవాటికి విషం. ఈ ఊళ్లో చెరువులకు నురగ చాలు, మనం రాగి కలపక్కర్లేదు. బకెట్లో పోసి బట్టల సోడా కొంచెం కొంచెంగా వేయండి. పొంగుతుంది, అందుకే పెద్ద బకెట్. పొంగడం ఆగి, పీహెచ్ కాగితం 8 చూపేదాకా వేస్తే మడ్డి అడుక్కు దిగుతుంది. దాన్ని గుడ్డలో వడకట్టి ఎండబెట్టి, సిమెంటులో కలిపి గడ్డ కట్టించి, హానికర చెత్త కింద విడిగా ఇవ్వండి.

రంధ్రాలకు ఐసీలు, రెసిస్టర్లయితే 0.8 మి.మీ., 1ఎన్4007 డయోడ్లు, పిన్ హెడర్లు 1 మి.మీ. కార్బైడ్ బిట్టు చేతి డ్రిల్లులో పెడితే చెయ్యి వణికిన మరుక్షణం పుటుక్కున విరుగుతుంది, స్టాండ్ ఉంటేనే కొనండి. బోర్డులోని గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్కు, తడిగుడ్డతో తుడుపు.

"చైనాలో 2 డాలర్లకు ఐదు బోర్డులొస్తుంటే ఇదంతా ఎందుకు?" రెండు పొరలు, లోపల రాగి పూసిన (ప్లేటెడ్) రంధ్రాలు, కాళ్ల మధ్య దూరం (పిచ్) 0.5 మి.మీ. ఉండే చిప్పులు కావాలంటే చైనాకో, మన పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో చేసేవాళ్లకో ఇవ్వండి, వాదన లేదు. ఈ పద్ధతిలో 0.4 మి.మీ. ట్రాకు, 0.3 మి.మీ. సందు హాయిగా వస్తాయి. 0.25 వచ్చిన రోజు మంచి రోజు. 0.2 కావాలంటే వెలుతురుతో బొమ్మ దించే డ్రై ఫిల్మ్‌కు మారాలి. కానీ ఆ 2 డాలర్ల మీద కొరియరు, కస్టమ్స్, రోజుల తరబడి ఎదురుచూపు ఉన్నాయి. డిజైన్‌లో తప్పుంటే మళ్లీ అదే వరస. ఇక్కడ సాయంత్రం ఆరింటికి ప్రింటు తీస్తే భోజనాలవేళకు బోర్డు చేతిలో ఉంటుంది, తప్పు తేలితే రాత్రికే రెండోది.

ఇకపై ట్రాన్స్‌ఫర్ పాడైందని పోస్టు పెట్టేవాళ్లు కాగితం ఫోటో పెట్టకండి. తోమిన రాగి మీద నీళ్లు పోసి, ఆ ఫోటో పెట్టండి. చుక్కలు కట్టాయో లేదో చూసి మాట్లాడుకుందాం.