రాయి ఎటు పోతుంది?

మా ఇల్లు చంద్రగిరి దాటి పాకాల వైపు పోయే దారిలో ఉంది. ఇంటి చుట్టూ రెండెకరాల మామిడి, అందులో సగం బెంగళూరా. పేరుకు తోట, చూస్తే గుట్ట. చంద్రగిరి కోట కట్టగా మిగిలిన రాళ్ళన్నీ తెచ్చి మా నాయన కొన్న భూమిలోనే పోశారని నా అనుమానం. 1928లో నంద్యాల సభలో మన ప్రాంతానికి రాయలసీమ అని పేరు పెట్టారు కదా, ఆ పెద్దలు ముందు మా పెరడు చూసుంటే 'రాళ్ళసీమ' అని ఖాయం చేసి భోజనాలకు లేచేవాళ్ళు.

రాళ్ళతో మాకు గొడవ లేదు. గొడవంతా గడ్డితోనే. ఈశాన్య రుతుపవనాల వానలు ఆగేసరికి వయ్యారిభామ నడుము దాకా లేస్తుంది. పేరుకు తగ్గట్టే ఊగుతుంది, ముట్టుకుంటే ఒళ్ళంతా దురద. పశువుల కొట్టం పక్కన రక్తపింజరి కనబడిందని మా ఆవిడ చెప్పిన రోజు నుంచి గడ్డి కోయించడమే నా జీవితాశయం అయింది. కూలీలు దొరకలేదు. మందు కొడదామంటే ఆవు మేస్తుందని ఆవిడ ఒప్పుకోలేదు. నేనే కొడవలి పట్టుకుంటే రెండో రోజు నడుము పట్టుకోవాల్సి వచ్చింది.

అప్పుడు దొరికాడు పక్క ఊరి ట్రాక్టరాయన. ట్రాక్టరు వెనక స్లాషర్ ఉంది. చూడని వాళ్ళ కోసం చెబుతున్నాను: పెద్ద ఇనప రేకు డబ్బా బోర్లించి, దాని కింద రెండు మందపాటి బ్లేడ్లు ఫ్యానులాగా తిరుగుతుంటాయి. మూత లేని మిక్సీని నేలకేసి తలకిందులుగా పట్టుకున్నట్టు.

"గంటలో ఊడ్చేస్తా సామీ" అన్నాడు.

మా ఆవిడ వంటింటి కిటికీలోంచి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "నేలంతా రాళ్ళే కదా నాయనా, తగిలితే రాయి ఎటు పోతుంది?"

"యాడికీ పోదమ్మా. ఈడే ఉంటది."

ఆ మాటతో నేను నిశ్చింతగా పేపరు పట్టుకుని వరండాలో కూర్చున్నాను. ఆ సమయంలో మా తోడల్లుడు డాబా మీదున్నాడు. ముందురోజు తిరుమలలో తలనీలాలిచ్చి, దర్శనం చేసుకుని వచ్చాడు. నున్నటి గుండుకు గంధం దట్టంగా పట్టించి, నీళ్ళ ట్యాంకు పక్కన కాఫీ గ్లాసుతో నిలబడి, ట్రాక్టరు పనితనాన్ని పైనుంచి పర్యవేక్షిస్తున్నాడు.

పావుగంట బాగానే గడిచింది. గడ్డి పొడిపొడి అవుతుంటే నాకు కళ్ళు చల్లబడ్డాయి. ఇంతలో తోటలో 'ఠంగ్' అంది. ఆ వెంటనే నెత్తిన 'ఫట్' అంది. తర్వాత "గోవిందా!" అని ఒక కేక. అందులో భక్తి కన్నా వేరే ఏదో ఎక్కువగా వినబడింది.

నేను పరిగెత్తి మెట్లెక్కేసరికి ట్యాంకుకు గుప్పెడంత బొక్క పడి, అందులోంచి నీళ్ళు ధారగా వచ్చి సరిగ్గా తోడల్లుడి గుండు మీద పడుతున్నాయి. గంధం కరిగి, కణతల మీదుగా కారి, గడ్డం కొస నుంచి కాఫీలోకి చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఆయన కదల్లేదు. కదిలితే ఇంకోటి వస్తుందేమోనన్న భయం కాబోలు.

"అన్నా," అన్నాడు నిదానంగా, "నిన్ననే జుట్టు ఇచ్చాను. ఇంకో జానెడు ఇటొచ్చుంటే ఇవాళ తల కూడా ఇచ్చేవాణ్ణి."

ట్యాంకు ఖాళీ అయ్యాక మా ఆవిడే చెయ్యి పెట్టి అడుగు నుంచి రాయి తీసింది. నిమ్మకాయంత ఉంది. ఒక పక్క బ్లేడు తగిలిన చోట తెల్లగా చిట్లి, ఆ తెలుపు మీద ఇనుము గీసిన నల్లటి చార. దాన్ని కడిగి, తుడిచి, చీర కొంగులో కట్టుకుంది. నాకెందుకో అది మంచి శకునంలా అనిపించలేదు.

నేను కొబ్బరి తాడుతో కొలిచాను. ఠంగ్‌మన్న చోటు నుంచి ఇంటి గోడ దాకా 140 అడుగులు. తర్వాత స్లాషర్‌ను జాకీ మీద లేపి, కింద దిమ్మలు పెట్టించి, వంగి చూశాను. రాళ్ళు బయటికి రాకుండా ముందూ వెనకా వరసగా గొలుసు ముక్కలు వేలాడాలి. ముందువి ఉన్నాయి. వెనక ఖాళీ కొక్కేలు తప్ప ఏమీ లేవు.

"గొలుసులేవయ్యా?"

"ట్రాలీ డోరుకు తక్కువైతే కలిపి ఏసినా సామీ."

ట్రాక్టరు ఇంజను బలాన్ని స్లాషర్‌కు అందించే పీటీఓ షాఫ్ట్ మీదుండాల్సిన ప్లాస్టిక్ గొట్టం కూడా లేదు. అది నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టు. ఆయన భుజం మీద కొసలు వేలాడుతున్న తువ్వాలు. రెంటికీ మధ్య మూరెడు దూరం. ఇక గట్టి రాయి తగిలితే తెగిపోయి గేర్‌బాక్సును కాపాడాల్సిన మెత్తటి బోల్టు ఒకటి ఉంటుంది. ఆ చోట బొటనవేలంత ఉక్కు బోల్టు కనబడింది. "పాతది మాటిమాటికీ తెగిపోతాంది" అన్నాడు, పాత బోల్టు మీద నిజమైన కోపంతో.

రాత్రి నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేశాను. రిటైరైన లెక్కల మాస్టరుకు అంతకన్నా ఏం పని? 5 అడుగుల వెడల్పు స్లాషర్, బ్లేడు నిమిషానికి 900 చుట్లు అనుకున్నాను. బ్లేడు కొస ఒక్క చుట్టుకు పదిహేనున్నర అడుగులకు పైగా తిరుగుతుంది, సెకనుకు 15 చుట్లు. గంటకు 250 కిలోమీటర్లు దాటింది. మన తిరుపతి స్టేషన్ నుంచి సికింద్రాబాదుకు పోయే వందే భారత్ ఎంత ఉరికినా 160 దాటదు. అంటే నేను వరండాలో పేపరు చదువుకుంటుంటే వందే భారత్‌ను మించిన వేగం మా మామిడి చెట్ల కింద గులకరాళ్ళతో గోళీలాడింది. కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లో ఈ మిషన్‌కు 300 అడుగుల లోపల ఎవరూ ఉండకూడదని రాసుంటుంది. మా ఇంట్లో ఏ మూల నుంచి కొలిచినా 300 అడుగులు పోవాలంటే పక్కవాడి తోటలో తేలాలి.

మర్నాడు ముగ్గురం తిరుపతిలో ఒక పనిముట్ల షాపుకు వెళ్ళాం. తోడల్లుడు బాధితుడి హోదాలో వచ్చాడు. సేల్స్ కుర్రాడు మమ్మల్ని నేరుగా కొత్త స్లాషర్ దగ్గరికి తీసుకెళ్ళి పాఠం అప్పజెప్పాడు. "సర్కారు తుమ్మ అయినా పిండే సార్. గంటకు ఎకరా ఈజీగా లాగేస్తుంది."

"రాయి ఎటు పోతుంది?" అంది మా ఆవిడ.

"రాయి ఎందుకు పోతుంది మేడం?"

ఆవిడ కొంగు ముడి విప్పి రాయిని కౌంటరు మీద పెట్టింది. తోడల్లుడు అడక్కపోయినా వంగి గుండు చూపించాడు. కుర్రాడు రాయినీ గుండునూ మార్చి మార్చి చూసి, "ఒక్క నిమిషం" అని లోపలికి పోయాడు. మళ్ళీ రాలేదు.

వచ్చింది చేతులకు గ్రీజు ఉన్న ఒక పెద్ద మెకానిక్కు. రాయిని అరచేతిలో వేసుకుని, చిట్లిన వైపు వేలితో రుద్ది, "వెనక గొలుసులు లేవు కదమ్మా?" అన్నాడు. మా ఆవిడ మొహం వికసించింది. పెళ్ళైన ముప్పయ్యేళ్ళలో నన్ను ఆ చూపు చూసింది లేదు.

నేనూ తెలివి చూపించబోయి, కత్తెరలాగా అటూ ఇటూ ఆడే పళ్ళతో కోసే మిషన్ మంచిది కదా అన్నాను. "రాయి విసరదు సార్, నిజమే. కానీ మీ నేలలో రెండు సాళ్ళు పోయేసరికి పళ్ళన్నీ రాలిపోతాయి" అన్నాడు. నా పళ్ళ పరిస్థితి తోడల్లుడికి తెలుసు కాబట్టి అనవసరంగా నవ్వాడు.

తర్వాత ఫ్లెయిల్ మోవర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. దీన్ని కొందరు మల్చర్ అని కూడా అంటున్నారు. ఇందులో బ్లేడు ఫ్యానులాగా తిరగదు. అడ్డంగా అప్పడాల కర్రలాంటి లావుపాటి ఇరుసు, దాని నిండా చిన్న చిన్న బ్లేడ్లు. ఆయన ఒకదాన్ని వేలితో లేపి వదిలితే గుడి గంట నాలుకలా ఊగింది. "రాయి తగిలితే ఇది మడుచుకుని వెనక్కి పోతుందమ్మా, స్లాషర్ అంత ఊపుతో బాదదు. పైన మూత, వెనక రోలరు, రబ్బరు పట్టీ. గడ్డికైతే ఈ వై ఆకారం బ్లేడ్లు, కంపకైతే సుత్తిలాంటివి. నిదానంగా పోవాలి, ఖరీదు కూడా ఎక్కువే."

"రాయి ఎటు పోతుంది?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఎక్కువగా నేలకేసి కొడుతుంది. అస్సలు ఎగరదని మాత్రం చెప్పను. మనుషుల్ని దూరంగానే ఉంచండి."

'యాడికీ పోదు' అనని మొదటి మనిషి అతనే. మా ఆవిడ అక్కడికక్కడే ఖాయం చేసింది. ధర విన్నాక నేను కొనడం మాని అద్దెకు ఖాయం చేశాను.

మిషన్ వచ్చేలోపు నాలుగు రోజులు రాళ్ళు ఏరాం. ఏరిన కొద్దీ పుట్టాయి. తోడల్లుడు నేనున్నంతసేపూ ఏరి, నేను లోపలికి పోగానే గట్టు మీద కూర్చునేవాడు. కోత రోజున ఇంటిల్లిపాదినీ ఆవుతో సహా రోడ్డు అవతలికి తోలాం. తోడల్లుడు నా పాత హెల్మెట్ పెట్టుకున్నాడు. డ్రైవరు తువ్వాలును మా ఆవిడ ముందే లాక్కుంది. మూడు గంటలు పట్టింది. ఒక్క రాయి కూడా డాబా వైపు చూడలేదు.

గోడ వెంట పది అడుగుల పట్టీ మాత్రం మిగిలింది. అక్కడ ఏ మిషన్ వద్దని ఆవిడ తీర్మానం. దానికి పక్క వీధి మేకలాయన్ను పిలిచాం. పన్నెండు మేకలతో గేటు దగ్గర నిలబడ్డాడు.

"మేకలు ఎటు పోతాయి?" అని అడిగింది.

"యాడికీ పోవమ్మా. ఈడే ఉంటాయి."

అప్పటికే ఒకటి మెట్లెక్కి, డాబా మీద ఆరేసిన తోడల్లుడి పంచె సగం నమిలేసింది.