బైండింగ్ నేర్పిన తాత పేరేదీ?

మా మేనకోడలు చదివే క్రైస్తవ కాలేజీలో పిల్లలు ఏటా ఒక కళల పత్రిక తెస్తారు. ఇక్కడే, చెన్నైలో. కవితలూ కథలూ ఉంటాయి గానీ నాకు ప్రాణం మాత్రం చేతిపని పేజీలే. కుండ చేసిన పిల్లాడు మట్టి ఎలా పదును పెట్టాడో రాస్తాడు, అద్దకం వేసిన పిల్ల రంగు ఎక్కడ చెదిరిందో రాస్తుంది.

ఈసారి అట్ట మీది బొమ్మ మా పిల్లే లినోలియం అనే మెత్తటి పలక మీద చెక్కింది. ‘కళ’ అన్న అక్షరాలను అద్దంలో కనబడేలా తిరగేసి చెక్కాలి. ‘ళ’ మెలిక దగ్గర ఉలి జారిందా, మళ్ళీ మొదటికే. సిరా పూసి, కాగితం పరిచి, చెంచా వీపుతో నిదానంగా రుద్దింది. మూల ఎత్తి చూసినప్పుడు దాని మొహం చూడాలి!

ఆ ఫొటో పెడితే మా బంధువుల గ్రూపులో ఒక బాబాయి, "వేలకు వేలు ఫీజులు కట్టేది ఇందుకా?" అన్నారు. ఇందుకే బాబాయ్! మార్కు సువార్త 6వ అధ్యాయంలో ఊరివాళ్ళు యేసును "వడ్లవాడు కాడా" అనే అడిగారు. పౌలు డేరాలు కుట్టాడు. నిర్గమకాండం 31లో బెసలేలు అనే పనివాడికి దేవుడు తన ఆత్మనిచ్చింది బంగారం, వెండి, రాయి, చెక్క పని చేయడానికి. ఇది చదివే కాలేజీ ఉలికీ సూదికీ పేజీలివ్వకపోతేనే తప్పు.

మనకైనా కొత్తా? బ్రౌన్ తెలుగు నిఘంటువు 1852లో అచ్చయింది ఈ ఊళ్ళోనే, వేపేరిలోని క్రైస్తవ ముద్రణాలయంలో. మన ఒత్తులూ గుణింతాలూ ఒక్కొక్క సీసం అచ్చు ఏరి పేర్చిన కూలీల పుణ్యం అది. 1966లో మొదలైన చోళమండలం అనే కళాకారుల ఊరు ఉంది, చెన్నై పక్కనే. అక్కడి చిత్రకారులు కూడా బాతిక్ (మైనంతో వేసే అద్దకం) లాంటి చేతిపనులు అమ్ముకునే తమ బొమ్మలను నిలబెట్టుకున్నారు.

నా కోపమల్లా వేరే. ఈ పత్రిక కుట్టడం పిల్లలకు నేర్పింది కాలేజీలో బైండింగ్ చేసే ముసలాయన. దారాన్ని మైనం ముద్ద మీద లాగి, మడత నడుమన దబ్బనంతో పొడిచి, ముడి లోపలికి దాచడం దగ్గరుండి చూపించాడు. పిల్లలు తాతా తాతా అని చుట్టూ తిరిగారు. తీరా పత్రికలో? పెద్దవాళ్ళందరికీ పేర్లూ డిగ్రీలూ, ఆయనకు ‘బైండింగ్: కాలేజీ సిబ్బంది’. ఆవిష్కరణ రోజు వేదిక మీద శాలువాలు కప్పుతుంటే ఆయన వెనక కుర్చీలు సర్దుతున్నాడు. చేతిపనిని గౌరవించే పత్రికలో చేసిన చేతికి పేరు లేకపోవడం అన్యాయం. నాకు కడుపు మండిపోయింది.

ఎడిటర్ పిల్లలూ, మీ మీద నమ్మకంతోనే అడుగుతున్నాను. మిగిలిన ప్రతుల్లో ఆయన పేరు అచ్చేసిన చీటీ అతికించండి. వచ్చే సంచికలో ఆయన పని గురించి ఆయన మాటల్లోనే నాలుగు పేజీలు వేయండి. తమిళంలో చెప్తే తమిళంలోనే వేయండి. మొదటి ప్రతి ఆయన చేతికివ్వండి, అదీ వేదిక మీద.