పథ్యమున్నోళ్లకూ ఒక వాయినం

సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ పద్మాక్షి గుండం దగ్గర నిమజ్జనం అయ్యాక వాయినాలు ఇచ్చిపుచ్చుకునే వేళ ఒక్కసారి గమనించండి. "ఇస్తినమ్మ వాయినం" అంటే "పుచ్చుకుంటినమ్మ వాయినం" అనుకుంటూ చపాతీ, బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దలు చేతులు మారుతుంటాయి. వయసు మీదపడ్డ ఆడవాళ్లలో చాలామంది ఆ ముద్దను కళ్లకద్దుకొని పక్కనున్న మనవరాలి చేతిలో పెట్టేస్తారు. ఒకరికి షుగరు, ఇంకొకరికి కిడ్నీలు, మరొకరికి గోధుమ పడదు. వాళ్ల వాటా మొక్కుకోవడం వరకే.

ఇక మనం, పండక్కి విమానమెక్కి వచ్చేవాళ్లం, వాళ్ల కోసం ఏం తెస్తున్నాం? ఓట్స్ బిస్కెట్లు, షుగర్ ఫ్రీ చాక్లెట్లు, ఖర్జూరం లడ్డూల డబ్బా. బిస్కెట్లో మైదా, చాక్లెట్లో కొవ్వు ఎప్పటిలాగే ఉంటాయి. ఖర్జూరంలో ఉన్నది చక్కెర కాకపోతే మరేమిటి? తేనె, బెల్లం సంగతీ అంతే. "చక్కెర వెయ్యలేదు, బెల్లమే వేసిన" అని ధైర్యంగా పెట్టే చేతులు వరంగల్‌లోనూ ఉన్నాయి, న్యూజెర్సీలోనూ ఉన్నాయి. పైగా బెల్లంలో పొటాషియం కూడా ఉంటుంది, దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని సరిగ్గా బయటికి పంపలేవు, కనుక షుగరు కూడా ఉన్న కిడ్నీ రోగికి అది రెండు విధాలా చెరుపు.

నేను చెప్పేదల్లా ఒకటే. పథ్యం ఉన్న మనిషికి వేరే డబ్బాలో వేరే తిండి పెట్టడం మానేద్దాం. అందరి పళ్లెంలో ఉన్నదే వాళ్లు తినగలిగేలా చేద్దాం. ఈ కాలంలో అందుకు బాగా పనికొచ్చేది ఆపిల్.

దసరా ముందు కాశ్మీరు, హిమాచల్ లోడ్లు దిగుతాయి. చౌరస్తా బండ్ల మీద ఎర్రగా గుట్టలు పోసి ఉంటాయి. మన దగ్గర ఆపిల్‌కు ఎప్పట్నుంచో రోగి పండు అని పేరు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఎవరినైనా చూడబోతే సంచిలో నాలుగు ఆపిళ్లు, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు ఉండాల్సిందే. నిజం చెప్పాలంటే ఇంత మర్యాద దానికి ఎక్కువే. ఉట్టి షుగరే ఉన్నవాళ్లకు మన జామపండే మేలు. వంద గ్రాముల జామలో పీచు సుమారు 5 గ్రాములు, ఆపిల్‌లో తొక్కతో తిన్నా రెండున్నర దాటదు. ధర సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆపిల్ గొప్పతనం ఇంకోచోట ఉంది. వంద గ్రాములకు పొటాషియం జామలో 400 మిల్లీగ్రాముల పైచిలుకు, అరటిపండులో 350 దాకా ఉంటే, ఆపిల్‌లో సుమారు 107. ఉప్పు దాదాపు లేదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు డాక్టర్లు వద్దనే పండ్ల పట్టీ చాంతాడంత ఉంటుంది. ఇదే కాలంలో గుట్టల మీంచి వచ్చే సీతాఫలం కూడా ఆ పట్టీలోదే. నీరసంగా ఉన్నాడని ప్రేమతో కొట్టించి ఇచ్చే కొబ్బరిబోండం అయితే మరీను. వద్దనకుండా మిగిలే కొద్ది పండ్లలో ఆపిల్ ఒకటి. షుగరూ కిడ్నీ రెండూ ఉన్న ఇంట్లో దాని విలువ తెలుస్తుంది. మా ఇల్లు అలాంటిదే.

(ఆపిల్ మన పంట కాదనేవాళ్లకు ఒక మాట. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో కేంద్రే బాలాజీ అనే రైతు పండించి, 2020 జూన్‌లో తొలి పండ్లను అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌కు ఇచ్చారు. కాకపోతే అది ఎండాకాలపు కాపు, దసరాకు అందదు.)

ఇక మలీద. మామూలుగా చపాతీ నలిపి బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతాం. నేను చపాతీ బదులు జొన్నరొట్టె, బెల్లం బదులు ఆపిల్ వాడతాను. గింజల గూడు తీసేసి ఆపిల్‌ను తొక్కతోనే కోరి, మందపాటి గిన్నెలో చుక్క నీరు పొయ్యకుండా సన్నసెగ మీద పెట్టాలి. ముందు పండే నీరు వదులుతుంది. తర్వాత కోరు రంగు తిరిగి దగ్గర పడుతుంది. గరిటెతో గీస్తే గిన్నె అడుగు కనబడి, ఆ గీత వెంటనే పూడకుండా నిలబడితే అయినట్టు. దించి యాలకుల పొడి, చెంచాడు నెయ్యి వెయ్యాలి. రొట్టెను వేడి మీదనే తుంచి నలపాలి. చల్లారితే బిరుసెక్కి పెంకుల్లా విరుగుతుంది, ఎంత నలిపినా ముద్ద కట్టదు. రెండూ కలిపి, వేయించిన నువ్వులు చల్లి, ఉసిరికాయంత ముద్దలు చేస్తే చాలు.

ఉసిరికాయంతే ఎందుకంటారా? ఒక మోస్తరు ఆపిల్‌లో పిండిపదార్థం 25 గ్రాముల దాకా ఉంటుంది, అందులో ముప్పావు వంతు చక్కెరలే. మూడు పండ్లు ఉడికి దగ్గర పడితే చిన్న గిన్నెడవుతాయి. ఆవిరైంది నీరే, తీపి ఎక్కడికీ పోలేదు. "ఆపిల్‌పండే కదనే, ఎంత తింటే ఏమైతది?" అని మా అత్తమ్మ గిన్నె ముందరేసుకొని కూర్చుంది ఒకసారి. గిన్నెడు తింటే మూడు పండ్లు తిన్నట్టేనని చెబితే, "గట్లనా!" అని నవ్వి రెండు ముద్దలు తీసుకొని మిగతావి పక్కింటికి పంపింది. రసం తీసి తాగితే ఇంకా నష్టం. పీచు పోతుంది, తీపి గటగటా దిగిపోతుంది. షుగరున్నవాళ్లకు కొరికి తినే ఆపిలే ఆపిల్.

కిడ్నీ జబ్బున్నవాళ్ల ముద్దలో వేసేవి మాత్రం కాస్త మారాలి. నువ్వులు, పల్లీలు, జొన్నలు షుగరుకు మంచివే కానీ వాటిలో కిడ్నీ రోగికి పడని ఫాస్ఫరస్, పొటాషియం ఎక్కువ. వాళ్లకు ఉప్పు వెయ్యని బియ్యం రొట్టె నలిపి, తొక్క తీసిన ఆపిల్ కలపాలి, నువ్వులు వద్దు. మరి బియ్యం షుగరు పెంచదా? పెంచుతుంది. రెండు జబ్బులూ ఉన్న మనిషికి ఎంత అనేది ఆ మనిషి రిపోర్టులు చూసే డాక్టరు చెప్పాలి, వాట్సాప్‌లో వదినె చెప్పేది కాదు. లో సోడియం ఉప్పు వాడుతున్నాంలే అని నిశ్చింతగా ఉండేవాళ్లు ప్యాకెట్టు తిప్పి చదవండి. చాలా వాటిలో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. బీపీ ఒక్కటే ఉన్నవాళ్లకు ఫరవాలేదేమో కానీ, కిడ్నీ రోగికి అది ప్రమాదం.

గోధుమ పడనివాళ్ల కథ మరీ ఓపిక పరీక్షించేది. జొన్నరొట్టె కదా అని పెట్టేస్తాం. పిండి పట్టించింది ఎక్కడ? వాడకట్టు గిర్నిలో ముందు వంతు గోధుమలది అయితే, ఆ పిండి జొన్నపిండితో కలిసి మన డబ్బాలోకి వస్తుంది. సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) ఉన్న పిల్లకు ఆ కాస్త చాలు, కడుపు పాడవడానికి. జొన్నలు కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీ పట్టుకోవడమే నయం. ఇంగువ కూడా చూసుకోండి, దుకాణంలో దొరికే చాలా ఇంగువ పొడుల్లో గోధుమపిండో మైదానో కలుస్తుంది.

తీపి వద్దనేవాళ్లకు ఆపిల్ తొక్కుపచ్చడి. అమెరికాలో ఉగాది పచ్చడికి మామిడికాయ దొరక్క గ్రానీ స్మిత్ కోసుకునే అలవాటు మనకుంది కదా, అదే పుల్ల ఆపిల్. ఇక్కడైతే బండి మీద గట్టిగా, కాస్త కచ్చాగా ఉన్నవి ఏరుకోవాలి. సన్నగా తరిగి వెంటనే నిమ్మరసం పిండితే నల్లబడదు. కారం, చిటికెడు మెంతిపొడి, ఆవాలు, ఎల్లిపాయల పోపు. పులుపు గట్టిగా ఉంటే సగం ఉప్పుకే నాలుక ఒప్పుకుంటుంది. ఉప్పు తక్కువ కనుక నిలవ ఉండదు, ఆ పూటకో మర్నాటికో సరి. పెరుగు సద్దితో దీన్ని మించిన జోడీ నాకు కనబడలేదు.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. తిన్నదల్లా గ్యాసై కడుపుబ్బే జబ్బు ఉన్నవాళ్లకు ఆపిల్ పెట్టకండి. ఇందులోని ఫ్రక్టోజ్, సార్బిటాల్ అనే తీపి పదార్థాలు వాళ్లలో చాలామందికి పడవు. రోగి పండని అందరి సంచిలో వేసేవాళ్లు ముందు ఏం జబ్బో అడగాలి.

మా బాపుకు మొదట్లో నేను విడిగా చేసి పెట్టేదాన్ని. నాలుగు రోజులు ఊరుకొని, "నాకు సపరేటు వద్దు బిడ్డా, అందరికి పెట్టేదాంట్లనే ఇంత నాకూ పెట్టు" అన్నాడు. అప్పట్నుంచి సద్దుల నాటి మలీద మా ఇంట్లో రెండు పళ్లేల్లో ఉంటుంది. రెండూ ఆపిల్‌వే. ఒకదాంట్లో జొన్నరొట్టె, నువ్వులు, రెండోదాంట్లో బియ్యం రొట్టె. బెల్లం మలీద కావాలన్న పిల్లలు ఇద్దరు ముగ్గురు మూతి ముడుస్తారు, వాళ్లకు పక్కింటి వాయినం ఎట్లాగూ వస్తుంది.

మన సంఘం ఈసారి బతుకమ్మ ఆడేటప్పుడు ప్రసాదాల బల్ల మీద కూడా ఇదే చెయ్యమని నా విన్నపం. 'డయాబెటిక్' అని బోర్డు పెట్టి మూలన ఒక బల్ల వెయ్యకండి, దాని దగ్గరకు ఎవరూ పోరు. అసలు బల్ల మీదే పెట్టి, ప్రతి గిన్నె ముందు అందులో ఏమేం పడ్డాయో తెలుగులో చీటీ రాయండి. గోధుమ, బెల్లం, నువ్వులు, పల్లీలు, ఉప్పు, ఈ ఐదింటి సంగతి తెలిస్తే ఎవరికేది పనికొస్తుందో వాళ్లే తేల్చుకుంటారు. చీటీలు రాసే పని నాకివ్వండి. రొట్టెలు నలపడానికి మాత్రం ఇంకో నలుగురు కావాలి.