పొగకు క్రమశిక్షణ లేదు

కార్చిచ్చును తిట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. పొగ బాధ్యతారాహిత్యం గురించి మాత్రం ఎవరూ నోరు మెదపరు. దాని మీద నిఘాకు మనం పెట్టిన ఖర్చుకైనా అది కాస్త పద్ధతిగా నడుచుకోవాలి కదా!

మనవైపు లోపమేమీ లేదు. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున గోస్ అనే అమెరికా వాతావరణ శాటిలైట్లు కూర్చుని అమెరికాను ఐదు నిమిషాలకోసారి ఫొటో తీస్తున్నాయి. అంతకన్నా కింద తిరిగే శాటిలైట్లలోని విర్స్ అనే పరికరం 375 మీటర్ల గడులుగా నేలను గాలించి మంట వేడిని పట్టేస్తోంది. ఇంత బందోబస్తు ఏ వీఐపీకి దక్కింది? బదులుగా పొగ చేసేదేమిటంటే, మబ్బు వేషం కట్టి తిరగడం.

ఆ వేషం విప్పడానికి అమెరికా వాతావరణ సంస్థ నోవాలో విశ్లేషకులున్నారు. ఫొటోలను వరసగా కదిలించి చూస్తూ, ఏది మబ్బో ఏది పొగో తేల్చుకుని, పొగ చుట్టూ చేత్తో గీత గీస్తారు. పల్చన, మధ్యస్థం, దట్టం అని మూడు తరగతులు. రాకెట్లెక్కించి పంపిన సరంజామా అంతా చివరికి ఒక మనిషి కంటిచూపు దగ్గర ఆగింది. అదీ పొద్దెక్కకముందు, పొద్దువాలాక ఎండ ఏటవాలుగా పడితేనే పొగ బాగా తేలుతుంది. నడినెత్తిన సూర్యుడుంటే పల్చటి పొగ సగం మాయం. ఇక రాత్రి సంగతి చెప్పనక్కర్లేదు. వేడిని చూసే ఇన్‌ఫ్రారెడ్ మంటను చూపిస్తుంది గానీ, అప్పు తీసుకున్నవాడు వీధిలో మనల్ని దాటిపోయినట్టు, పల్చటి పొగను చూడనట్టే దాటిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద నేరం ఎత్తు చెప్పకపోవడం. పైనుంచి తీసిన ఫొటోలో నేల నుంచి ఆకాశం దాకా ఉన్న పొగంతా ఒకటే మరక. అది ఐదు కిలోమీటర్ల పైన పోతోందో, మన ముక్కులోకి పోతోందో ఫొటో చెప్పదు. లేజర్‌తో ఆ ఎత్తు కొలిచే కాలిప్సో అనే శాటిలైట్ 2006 నుంచి ఉండేది. అయితే అది కొలిచింది తాను పోయే దారి కింద సన్నటి గీత మేరకే. 2023 ఆగస్టులో ఆ పనీ ముగిసింది. సరిగ్గా ఆ ఏడాదే కెనడాలో దాదాపు కోటిన్నర హెక్టార్లు కాలాయి. పొగ టైమింగ్ చూశారా?

ముక్కు దగ్గరి సంగతి చెప్పే సెన్సర్లు నేలమీద లేకపోలేదు. కాకపోతే అది మరీ నేలబారు పని. సెన్సర్‌ను స్తంభానికి బిగిస్తుంటే కౌంట్‌డౌన్ ఉండదు, టీవీలో చప్పట్లు ఉండవు. అందుకే ఊళ్లకు ఊళ్లు ఒక్క సెన్సరూ లేకుండా, ఆకాశం నుంచి చక్కగా ఫొటో తీయించుకుంటూ దగ్గుతున్నాయి.

2023 జూన్ 7న కెనడాలోని క్యూబెక్ పొగ న్యూయార్క్ ఆకాశాన్ని నారింజ రంగులోకి తిప్పింది. అదే నెలలో అట్లాంటిక్ దాటి నార్వేకీ వెళ్లొచ్చింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ నిప్పు ఏ దేశంలో ఉండాలో సామెత కట్టినవాళ్లు చెప్పలేదు.

కనుక తక్షణమే ఒక నియమావళి అవసరం. పొగ పగటిపూటే ప్రయాణించాలి, మబ్బులతో కలవరాదు. నేలకు దిగదలచుకుంటే ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. ముసాయిదా సిద్ధంగా ఉంది. నోటీసు ఎక్కడ అంటించాలన్నదే తేలడం లేదు.